లేజర్ బల్ల ఎక్కే ముందు



పెళ్ళి ముహూర్తాలు దగ్గర పడుతున్నాయంటే మా చర్మవైద్యుల గదుల ముందు రద్దీ మొదలవుతుంది. వచ్చేవాళ్ళ కోరికలు అందరూ ఊహించేవే. పైపెదవి మీద నూగు పోవాలి, గడ్డం కింద గరుకు వెంట్రుకలు పోవాలి, మొటిమల గుంటలు పూడాలి, చెంపల మీద మంగు తగ్గాలి. అదీ పదిహేను రోజుల్లో! వాళ్ళ పక్కనే, అదే బెంచీ మీద, మొహానికి చున్నీ చుట్టుకుని ఇంకొకరు కూర్చుని ఉంటారు. ఆమె ఎక్కడో లేజర్ చేయించుకుంది, చర్మం కాలింది. లోపలికి రాగానే ఆమె అడిగేది ఒక్కటే: "డాక్టర్ గారూ, ఈ మచ్చలు పోతాయా?"

చాలావరకు పోతాయి. నెలలు పడుతుంది. కొందరికి ఏడాది దాటుతుంది, కొన్ని మచ్చలు మాత్రం ఉండిపోతాయి. ఇవాళ నేను మాట్లాడబోయేది ఆ రెండో మనిషి గురించి. ఆమెకు జరిగిన నష్టం చాలా సందర్భాల్లో ఆపగలిగిందే. ఎలాగో చెప్పాలంటే ఆ యంత్రం చర్మం లోపల ఏం చేస్తుందో కాస్త తెలియాలి.

1960 మే 16న అమెరికాలో థియొడోర్ మైమన్ అనే శాస్త్రవేత్త కృత్రిమ కెంపు కడ్డీతో మొట్టమొదటి లేజర్‌ను వెలిగించాడు. కొద్ది ఏళ్ళకే సిన్సినాటి నగరంలో లియాన్ గోల్డ్‌మన్ అనే చర్మవైద్యుడు దాన్ని మనిషి చర్మం మీద ప్రయోగించి చూశాడు. ఆ తర్వాత చాలాకాలం లేజర్ వైద్యం కొంత మేలుగా, కొంత కీడుగానే నడిచింది. పుట్టుకతో మొహం మీద వచ్చే ఎర్రటి మచ్చలకు ఆర్గాన్ లేజర్ వాడితే ఎరుపు తగ్గేది, దాని స్థానంలో కాలిన మచ్చ మిగిలేది. 1983లో రాక్స్ ఆండర్సన్, జాన్ పారిష్ అనే ఇద్దరు వైద్యులు 'సైన్స్' పత్రికలో ఒక వ్యాసం రాశారు. దానితో దారి మారింది. వాళ్ళు చెప్పింది ఇదీ: దేన్ని కాల్చాలో దాని రంగు పీల్చుకునే కాంతినే ఎంచుకోవాలి. ఆ వేడి చుట్టుపక్కలకు పాకేలోపే కాంతి ఆపేయాలి. అప్పుడు గురి పెట్టింది మాత్రమే కాలుతుంది, పక్కది మిగులుతుంది. ఇవాళ్టి చర్మ లేజర్లలో చాలావాటికి పునాది ఈ సూత్రమే.

సూత్రం గొప్పది. చిక్కల్లా మన దగ్గరే వస్తుంది. వెంట్రుకలు తీసేటప్పుడు లేజర్ గురి పెట్టేది మెలనిన్ అనే నల్లటి పదార్థం మీద. వెంట్రుకకు నలుపు ఇచ్చేది అదే. మన చర్మానికి చామనఛాయ ఇచ్చేదీ అదే. మిట్టమధ్యాహ్నం ఎండలో నల్ల చొక్కా వేసుకున్నవాడికి తెల్ల చొక్కా వాడికంటే వేడి ఎక్కువ తగిలినట్టు, మెలనిన్ ఎక్కువున్న పైచర్మం లేజర్ కాంతిని దారిలోనే పట్టేసుకుంటుంది. లోపల వెంట్రుక కుదురు దాకా వెళ్ళాల్సిన వేడి పైనే దిగిపోతుంది. తెల్లటి ఒంటి మీద నల్లటి వెంట్రుక ఉంటే పని సులువు. చామనఛాయ ఒంటి మీద అదే పనికి చాలా లెక్కలు చూసుకోవాలి.

1975లో హార్వర్డ్‌లో థామస్ ఫిట్జ్‌ప్యాట్రిక్ చర్మాన్ని ఎండకు కమిలే తీరును బట్టి రకాలుగా విభజించాడు. ఇప్పుడు ఆరు రకాలుగా లెక్కిస్తాం. అందచందాలతో దానికి పనిలేదు. కాంతి చికిత్సలో ఎవరికెంత మోతాదు ఇవ్వాలో తేల్చుకోవడానికే ఆయన దాన్ని తయారుచేశాడు. మనవాళ్ళలో ఎక్కువమంది నాలుగు, అయిదు రకాల్లోకి వస్తారు. మీ వైద్యుడు మీ చర్మం ఏ రకమో చూసి కాగితం మీద రాయకుండా లేజర్ మొదలుపెడుతుంటే ఆగి అడగండి.

ఇక యంత్రాల సంగతి. అన్నిటినీ 'లేజర్' అనే పిలుస్తారు గానీ వాటి గుణాలు వేరు. వెంట్రుకలకు వాడేవాటిలో అలెగ్జాండ్రైట్ కాంతి తరంగదైర్ఘ్యం 755 నానోమీటర్లు, డయోడ్ 810 దరిదాపుల్లో, ఎన్‌డి-యాగ్ 1064. అంకె పెరిగేకొద్దీ కాంతి లోతుకు వెళుతుంది, పైచర్మంలోని మెలనిన్ దాన్ని తక్కువగా పట్టుకుంటుంది. అందుకే బాగా ముదురు రంగు చర్మానికి 1064 ఎక్కువ క్షేమం. ఐ.పి.ఎల్. అనేది అసలు లేజరే కాదు. రకరకాల రంగుల కాంతిని కలగలిపి విసిరే బలమైన దీపం అది. తెల్లచర్మం మీద బాగానే పనిచేస్తుంది, మన చర్మం మీద తేడా వచ్చే అవకాశం ఎక్కువ. చౌకగా దొరుకుతుంది కాబట్టి చిన్న సెలూన్లలో కనిపించేది తరచుగా ఇదే. అడిగితే 'అమెరికన్ లేజర్ మేడం' అంటారు. ఏ దేశానిదో కాదు, ఏ రకమో చెప్పమనండి.

ఇంట్లో వాడుకునే చిన్న పరికరాలు ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు. వాటిలో ఎక్కువభాగం ఐ.పి.ఎల్. రకమే. పెట్టె మీద చర్మం రంగుల పట్టీ ఒకటి ముద్రించి ఉంటుంది, చివరి ముదురు రంగుల మీద ఇంటూ గుర్తు ఉంటుంది. మీ చెయ్యి ఆ పట్టీ పక్కన పెట్టి చూసుకోండి. అక్కడ ఇంటూ ఉంటే ఆ పెట్టె మీకు కాదు.

కొంతకాలం క్రితం ఒక అమ్మాయి వచ్చింది. మోకాలి కింద నుంచి చీలమండ దాకా ముదురు గోధుమ రంగు దీర్ఘచతురస్రాలు, వరసగా, అంచులు తిన్నగా. యంత్రం ముక్కు ఎంత వెడల్పో ఒక్కో మచ్చ అంతే వెడల్పు. అంతకుముందు మూడు సిట్టింగులు ఏ ఇబ్బందీ లేకుండా జరిగాయట. నాలుగో దానికి ముందు స్నేహితులతో సముద్రం ఒడ్డున నాలుగు రోజులు గడిపి వచ్చింది. కాళ్ళు కమిలి ఉన్నాయి. లేజర్ చేసే అమ్మాయి క్రితం సారి నెంబరే పెట్టింది. చర్మంలో మెలనిన్ పెరిగింది, మోతాదు తగ్గలేదు. చుర్రుమంటోందని చెబితే "కొంచెం ఓర్చుకోండి, అంతే ఉంటుంది" అన్నారట. ఆ సాయంత్రానికి బొబ్బలు, వారానికి పొక్కులు రాలి నల్లటి చారలు.

'ఓర్చుకోండి' అన్న మాట దగ్గర ఒక నిమిషం ఆగాలి. వెంట్రుకల లేజర్‌లో రబ్బరు బ్యాండు కొట్టినంత చురుకు మామూలే. వెంట్రుక మాడిన వాసన కూడా మామూలే. గురి సరిగ్గా కుదిరితే కొన్ని నిమిషాల్లో ఒక్కో వెంట్రుక చుట్టూ సన్నటి ఎర్రటి వాపు వస్తుంది, మధ్య చర్మం తన రంగులోనే ఉంటుంది. అనుభవమున్న వైద్యుడు మొదటి రెండు మూడు పల్స్‌లు, అంటే కాంతి కాల్పులు, వేసి ఆగి, వంగి చూసేది దీనికోసమే. అలా కాక చర్మం మొత్తం బూడిద రంగుకు తిరిగినా, తెల్లబారినా, పైపొర వేలితో తోస్తే జారుతున్నట్టున్నా తక్షణం ఆపాలి. నొప్పి ఒక్కో పల్స్‌కూ పెరుగుతూ పోతున్నా, కాల్పు ఆపేసిన తర్వాత కూడా తగ్గకుండా మండుతున్నా మీరే చెయ్యి పైకెత్తి 'ఆపండి' అనాలి. మొహమాటం పనికిరాదు. డబ్బు కట్టాం కదా అని పళ్ళు బిగించి పడుకుంటే ఆ మోతాదు ఒళ్ళంతా పడుతుంది.

చల్లదనం కూడా చికిత్సలో భాగమే. పైచర్మాన్ని కాపాడటానికి యంత్రం ముక్కుకు చల్లటి నీలమణి పలక ఉంటుంది, లేదా చల్లటి వాయువు చిమ్ముతుంది, లేదా చల్లగాలి గొట్టం ఉంటుంది. ఆ పలక చర్మానికి పూర్తిగా ఆనకపోతే, పక్కకు ఒరిగితే, మాడిన వెంట్రుకల మసి దానికి అంటుకుని ఉంటే అక్కడ చర్మం కాలుతుంది. నెలవంక ఆకారంలో మచ్చ పడితే చల్లదనం సరిగ్గా అందలేదని మేం అనుమానిస్తాం. వెంట్రుకలు ముందు నున్నగా గీయకుండా లేజర్ చేసినా పైన ఉన్న వెంట్రుకే అంటుకుని చర్మాన్ని కాలుస్తుంది.

కాలిన చోట చర్మం నల్లబడటం మన ఛాయవాళ్ళలో తరచుగా చూస్తాం. దెబ్బ తగిలితే ఎక్కువ రంగు పోయడం మన చర్మం అలవాటు. అది కొన్నాళ్ళకు తేలికపడుతుంది. దెబ్బ ఇంకా లోతుకు దిగితే రంగు తయారుచేసే కణాలే చచ్చిపోతాయి, అక్కడ తెల్ల మచ్చ పడుతుంది. జనం బొల్లి అనుకుని భయపడతారు. బొల్లి కాదు, కానీ నల్లమచ్చకంటే ఇది మొండిది. ఛాతీ, భుజాలు, దవడ అంచు మీద కొందరికి గాయం మానాక గడ్డలా ఉబ్బే మచ్చ వస్తుంది, దాన్ని కీలాయిడ్ అంటాం. చెవి కుట్టిన చోటో, టీకా వేసిన చోటో మీకు గతంలో అలా ఉబ్బి ఉంటే ఆ సంగతి ముందే చెప్పండి.

ఇంకో దుష్ఫలితం ఉంది, చెబితే నమ్మరు. వెంట్రుకలు తీయబోతే వెంట్రుకలు పెరగడం. గడ్డం కింద, చెంపల పక్క, మెడ మీద సన్నటి నూగు ఉన్న చోట లేజర్ వేడి చాలీచాలనట్టుగా తగిలితే ఆ నూగు ముదిరి నల్లటి వెంట్రుకలుగా మారవచ్చు. పి.సి.ఓ.ఎస్. అనే హార్మోన్ల సమస్య ఉన్న అమ్మాయిల్లో, ముదురు రంగు చర్మంలో ఇది ఎక్కువగా కనిపిస్తుంది. నెలసరి తప్పుతూ, గడ్డం మీద వెంట్రుకలు వస్తున్న అమ్మాయికి ముందు కావలసింది హార్మోన్ల పరీక్ష. ఆ మూలం సరిచేయకుండా ఎన్ని సిట్టింగులు చేసినా కొత్త వెంట్రుకలు వస్తూనే ఉంటాయి. 'జీవితాంతం మళ్ళీ రావు' అని బోర్డు మీద రాసినా నమ్మకండి. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్.డి.ఎ. ఈ యంత్రాలకు శాశ్వతంగా 'తగ్గిస్తుంది' అని చెప్పుకోవడానికి అనుమతిచ్చింది తప్ప, శాశ్వతంగా 'తీసేస్తుంది' అని కాదు. నెరిసిన వెంట్రుకలకైతే లేజర్ పనే చేయదు. పట్టుకోవడానికి అక్కడ నలుపు లేదు.

ఇప్పుడు ప్రాణం మీదకు తెచ్చే సంగతి ఒకటి. లేజర్‌కు ముందు నొప్పి తెలియకుండా మత్తు క్రీము రాస్తారు. చిన్న జాగాకు, వైద్యుడు చెప్పిన మేరకు అయితే ఫర్వాలేదు. 2007 ఫిబ్రవరిలో ఎఫ్.డి.ఎ. ఒక హెచ్చరిక జారీచేసింది. 22 ఏళ్ళ అమ్మాయి ఒకరు, 25 ఏళ్ళ అమ్మాయి ఒకరు వెంట్రుకల లేజర్‌కు వెళుతూ కాళ్ళకు మత్తు క్రీము పూసుకుని, పైన ప్లాస్టిక్ కాగితం చుట్టుకున్నారు. ఇద్దరికీ ఫిట్స్ వచ్చాయి, కోమాలోకి వెళ్ళారు, చనిపోయారు. ఆ క్రీముల్లో లైడోకెయిన్, టెట్రాకెయిన్ అనే మత్తుమందులు ఎక్కువ పాళ్ళలో ఉన్నాయి. కాళ్ళంటే ఒంటి చర్మంలో పెద్ద భాగం. ప్లాస్టిక్ చుడితే వేడికి, చెమటకు మందు ఇంకా తొందరగా లోపలికి ఇంకుతుంది. రక్తంలో చేరిన మత్తుమందు మెదడును, గుండెను పట్టుకుంటుంది.

కాబట్టి ఇంటి దగ్గరే రాసుకుని రమ్మని చెప్పి, ఎంత రాయాలో, ఎంతసేపు ఉంచాలో చెప్పకపోతే రాసుకోకండి. రెండు కాళ్ళకూ, వీపంతా పూయమంటే ఒప్పుకోకండి. రాసిన తర్వాత నోటి చుట్టూ తిమ్మిరి, నాలుక మీద ఇనుము రుచి, చెవుల్లో హోరు, తల తిరగడం, పెదవులు నీలంగా మారడం, వీటిలో ఏది వచ్చినా వెంటనే తుడిచేసి ఆసుపత్రికి వెళ్ళాలి. చంటిపిల్ల తల్లి అయితే ఆ చేతులతో, ఆ క్రీముతో బిడ్డను ముట్టుకోకూడదు. లేజర్ చేసే చోట ఆక్సిజన్, అత్యవసర మందులు ఉన్నాయా అని అడగడం అతి కాదు.

మంగు సంగతికి వద్దాం. మన ఆడవాళ్ళను ఇంతగా బాధపెట్టే మచ్చ మరొకటి లేదనుకుంటాను. కాన్పు తర్వాత చెంపల మీద, నుదుటి మీద, పైపెదవి మీద గోధుమ రంగు పొర పరుచుకుంటుంది. ఎండ, హార్మోన్లు, వంశం, ఈ మూడూ కలిసి తెచ్చేది. మంగుకు లేజర్ మొదటి మందు కాదు, రెండోది కూడా కాదు. ముందు ఎండ నుంచి కాపు, తర్వాత పూత మందులు, అవసరమైతే వైద్యుడి పర్యవేక్షణలో మాత్రలు. వీటన్నిటికీ లొంగనప్పుడు, అదీ జాగ్రత్తగా, లేజర్. మంగును లేజర్ వేడి రెచ్చగొడుతుంది. నెల రోజులు తేలికపడినట్టుండి, మూడో నెలలో మునుపటికంటే ముదిరి తిరిగి వస్తుంది. తక్కువ మోతాదులో వారం వారం 'టోనింగ్' పేరుతో చేసుకుంటూ పోతే ఇంకో ప్రమాదం. నల్లటి మచ్చ మధ్యలో అక్షింతలంత తెల్లటి చుక్కలు పడతాయి. అవి పడటం మొదలైందని గమనించకుండా ప్యాకేజీ పూర్తిచేసేవాళ్ళు ఉన్నారు.

అసలు 'లేజర్‌తో తెల్లబడతారు' అన్న ప్రకటన మీదే నాకు కోపం. మీరు పుట్టిన రంగును మార్చే లేజర్ లేదు. మచ్చను తగ్గించేవి ఉన్నాయి, గుంటను కొంత పూడ్చేవి ఉన్నాయి, పుట్టుకతో వచ్చిన ఎర్రమచ్చలనూ కళ్ళ చుట్టూ వచ్చే నీలిమచ్చలనూ తేలికపరిచేవి ఉన్నాయి. పసిపిల్లల మొహం మీది ఎర్రమచ్చ సిట్టింగు సిట్టింగుకూ పలచబడుతుంటే చూసిన తల్లిదండ్రులకు లేజర్ విలువ తెలుసు. ఈ మేలును తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. ఛాయ తక్కువైందని బాధపడే పెళ్ళికూతురికి దాన్ని అంటగట్టడం తప్పంటున్నాను.

ఇదే వరసలో మరొకటి. తెల్లబడటానికని మందుల దుకాణంలో చీటీ లేకుండా కొని నెలల తరబడి పూసే క్రీములు చాలా ఇళ్ళలో ఉన్నాయి. వాటిలో బెటామెథసోన్ లాంటి స్టెరాయిడ్ కలిసి ఉంటే మొహం చర్మం పలచబడి, రక్తనాళాలు పైకి తేలి, ఎండలోకి వెళితే మండుతుంది. అలాంటి చర్మం మీద లేజర్ పెడితే మామూలు మోతాదుకే గాయమవుతుంది. ఏం రాస్తున్నారో దాచకుండా ట్యూబు తెచ్చి వైద్యుడికి చూపించండి. మొటిమలకు వేసుకునే ఐసోట్రెటినాయిన్ మాత్రలు, డాక్సీసైక్లిన్ లాంటి ఎండ పడనివ్వని మందులు వాడుతున్నా చెప్పండి. ఐసోట్రెటినాయిన్ ఆపాక ఆరు నెలలు ఆగాలన్న పాత నియమాన్ని కొన్ని లేజర్లకు ఇప్పుడు సడలించారు. పైపొరను చెక్కే లేజర్ల విషయంలో జాగ్రత్త అలాగే ఉంది. పెదవి అంచున తరచూ నీటిపొక్కులు వచ్చేవాళ్ళు, అంటే హెర్పిస్ ఉన్నవాళ్ళు, మొహానికి కార్బన్ డయాక్సైడ్ లేజర్ చేయించుకుంటే ఆ పొక్కులు మొహమంతా పాకవచ్చు. ముందు నుంచే మాత్రలు వేసుకుంటే ఆ బెడద దాదాపు ఉండదు.

పుట్టుమచ్చ తీయించుకోవాలనుకునేవాళ్ళకు ఒక్క మాట. ఈ మధ్యే పెరుగుతున్న, రంగు మారుతున్న, అంచులు వంకరగా ఉన్న, రక్తం కారుతున్న మచ్చను లేజర్‌తో మాడ్చేయకూడదు. అది క్యాన్సర్ అయితే పైన మాయమై లోపల పెరుగుతుంది, పరీక్షకు ముక్క కూడా మిగలదు. ముందు ముక్క తీసి పరీక్షకు పంపాలి.

ఇక మగపిల్లల విషయం. లేజర్ అంటే ఆడవాళ్ళ సంగతని పెడచెవిన పెట్టిన కుర్రాళ్ళు ఇప్పుడు వినండి. సైన్యంలో నియామకానికి ఒంటి మీద పచ్చబొట్టు ఎక్కడ ఉండవచ్చో, ఎక్కడ ఉండకూడదో నిబంధనలున్నాయి. ర్యాలీ తేదీ వచ్చాక పరుగెత్తుకొచ్చే కుర్రాళ్ళను చూస్తుంటాం. మోచేతి పైన ప్రేమించిన అమ్మాయి పేరు, భుజం మీద సింహం. నెలలో తీసేయాలంటారు. పచ్చబొట్టు తీసే క్యూ-స్విచ్‌డ్ లేజర్ సెకనులో వందకోట్లో వంతుల్లో లెక్కించే పల్స్‌తో సిరా రేణువును పగలగొడుతుంది. పగిలిన ముక్కలను ఏరివేయాల్సింది శరీరమే. దానికి టైము కావాలి. అందుకే సిట్టింగుకూ సిట్టింగుకూ మధ్య ఆరు నుంచి ఎనిమిది వారాలు ఉండాలి, అలాంటివి ఎన్నో కావాలి. నలుపు త్వరగా పోతుంది, ఆకుపచ్చ, పసుపు మొండివి. వారానికోసారి కాల్పించుకుంటే సిరా పోకముందే మచ్చ పడుతుంది. వైద్య పరీక్షలో ఆ మచ్చ గురించి కూడా అడుగుతారు. ఐ.పి.ఎల్. యంత్రంతో పచ్చబొట్టు తీస్తామంటే ఆ గదిలోంచి లేచి వచ్చేయండి. దాని పల్స్ చాలా పొడుగు, చర్మం మొత్తం కాలుతుంది.

కనుబొమలకు, పెదవులకు 'పర్మనెంట్ మేకప్' వేయించుకున్న అక్కచెల్లెళ్ళకు ఇక్కడే చెప్పాలి. ఆ గోధుమ, గులాబీ, తెలుపు రంగుల్లో ఇనుము, టైటానియం ఆక్సైడులు ఉంటాయి. లేజర్ తగలగానే అవి నల్లగా మారిపోవచ్చు. పెదవి అంచు గులాబీ పోయి నలుపు వస్తే మళ్ళీ దాన్ని తీయడం పెద్ద పని. ముందు కనిపించని చోట చిన్న చుక్క మీద పరీక్షించి చూడాలి.

ఆ మాటకొస్తే పరీక్ష చుక్క అందరికీ అవసరమే. దవడ కిందో, చెవి వెనకో రెండు మూడు పల్స్‌లు వేసి కనీసం రెండు రోజులు ఆగి చూడాలి. మంగు, గుంటల లాంటి వాటికి ఇంకా ఎక్కువ ఆగాలి. నల్లబడటం కొన్ని వారాలకు గానీ బయటపడదు. 'ఇవాళే చేసేద్దాం, ఆఫర్ ఇవాళ్టితో అయిపోతుంది' అనేవాళ్ళకు ఈ ఓపిక ఉండదు.

కళ్ళ విషయం సూటిగా చెబుతాను. 1064 నానోమీటర్ల కాంతి కంటికి కనిపించదు. కనిపించదు కాబట్టి రెప్ప వాలదు. రెటీనాకు నొప్పి తెలియదు. చూపులో చుక్క పడిన తర్వాతే ఏమైందో తెలుస్తుంది. బల్ల మీద పడుకున్నవారికి కాంతి దూరని మూతలు, గదిలో ఉన్న మిగతా అందరికీ ఆ తరంగదైర్ఘ్యం అంకె ముద్రించి ఉన్న కళ్ళద్దాలు ఉండాలి. కళ్ళకు దూది పెట్టి తువ్వాలు కప్పడం రక్షణ కాదు. కనుబొమ కింద, రెప్ప మీద వెంట్రుకల లేజర్ చేయించుకోవద్దు. కనుపాప దెబ్బతిన్న కేసులు వైద్య పత్రికల్లో ఉన్నాయి. ఆ జాగాకు త్రెడింగ్ చాలు.

యంత్రం ఎవరి చేతిలో ఉందన్నది అన్నిటికంటే పెద్ద ప్రశ్న. అమెరికాలో 1999 నుంచి 2012 దాకా చర్మ లేజర్ గాయాల మీద నడిచిన 175 కోర్టు కేసులను పరిశీలించి 2014లో ఒక వైద్య పత్రికలో ప్రచురించారు. అందులో 75 కేసుల్లో లేజర్ పట్టుకున్నది వైద్యులు కానివాళ్ళు. అక్కడ వెంట్రుకల లేజర్లలో వాళ్ళు చేసేది సుమారు మూడో వంతే. 2004 నుంచి 2012 మధ్య ఆ చికిత్స మీద వచ్చిన కేసుల్లో వాళ్ళ వాటా మాత్రం నాలుగింట మూడు వంతులు. మన దగ్గర అలాంటి లెక్కకు బదులు చున్నీలు చుట్టుకుని వచ్చేవాళ్ళు కనిపిస్తున్నారు.

ముందు వైద్యుడి రిజిస్ట్రేషన్ నెంబరు అడగండి. తెలంగాణలోనైనా ఆంధ్రప్రదేశ్‌లోనైనా రాష్ట్ర వైద్య మండలిలో నమోదైన నెంబరు బోర్డు మీద, చీటీ మీద ఉండాలి. చర్మవ్యాధుల్లో ఎం.డి.నో, డి.ఎన్.బి.నో, డిప్లొమానో ఉండాలి. మూడు నెలల కాస్మెటాలజీ సర్టిఫికెట్ ఫ్రేము కట్టించి గోడకు తగిలించినా అది వైద్యం కాదు. గోడ మీద ఉన్న డాక్టరు పేరుకూ మీ చర్మం మీద చెయ్యి వేసే మనిషికీ సంబంధం ఉందో లేదో చూడండి. సహాయకులు చేసినా డాక్టరు ఆ కప్పు కింద ఉండాలి, మొదటి పల్స్‌లు చూడాలి.

చేసిన తర్వాత ఒక కాగితం అడిగి తీసుకోండి. ఏ యంత్రం, ఎంత తరంగదైర్ఘ్యం, చదరపు సెంటీమీటరుకు ఎన్ని జౌళ్ళు, పల్స్ ఎన్ని మిల్లీసెకన్లు, ముక్కు ఎంత వెడల్పు. మీకు అర్థం కాకపోయినా ఫర్వాలేదు. ఏదైనా తేడా వస్తే చూసే ఇంకో వైద్యుడికి ఆ అయిదు వివరాలే దారి చూపిస్తాయి. ఇవ్వనంటే అక్కడికి రెండోసారి వెళ్ళకండి. ముందూ తర్వాతా ఫొటోలు మీ ఫోన్లో కూడా తీసి పెట్టుకోండి.

సిట్టింగుకు ముందు ఏం చేయాలో కొంచెం వేగంగా చెబుతాను. నాలుగు వారాలు ఎండ తగ్గించుకోండి. రోహిణి కార్తెలో పొలం పనులు చేసేవాళ్ళు, బండి మీద తిరిగి ఉద్యోగం చేసేవాళ్ళు వేసవి దాటేదాకా వాయిదా వేసుకుంటే మేలు. వ్యాక్సింగ్, త్రెడింగ్ నాలుగు నుంచి ఆరు వారాలు మానాలి. వెంట్రుక కుదురే లేకపోతే లేజర్ పట్టుకునేది ఏముంది? గీసుకోవచ్చు. కడుపుతో ఉన్నవాళ్ళు కాన్పు అయ్యేదాకా ఆగడం మంచిది, తొందరేమీ లేదు. పెళ్ళి ఉన్నవాళ్ళు వెంట్రుకల లేజర్ ఆరు నుంచి ఎనిమిది నెలల ముందు మొదలుపెట్టాలి, ఆఖరి సిట్టింగు ముహూర్తానికి నెల ముందే అయిపోవాలి. మొటిమల గుంటలకు చేసే కార్బన్ డయాక్సైడ్ లేజర్ అయితే మూడు నెలల ముందే ముగించాలి. లేజర్ చేసిన వారంలో నలుగు పెట్టి రుద్దారంటే మీరు ఇచ్చిన డబ్బూ, ఆ పైపొరా రెండూ పోతాయి. పిన్ని, అత్త ఎంత ముచ్చటపడినా ఈసారికి ఆ భాగం వదిలేయమనండి.

ఒకవేళ కాలితే? కుళాయి కింద మామూలు చల్లటి నీటి ధార ఇరవై నిమిషాలు పట్టండి. ఐసుగడ్డ నేరుగా పెట్టకండి. టూత్‌పేస్టు, కాఫీపొడి, సిరా, నిమ్మరసం వద్దు. పసుపు మన ఇళ్ళలో అన్నిటికీ మందే, కానీ పొర ఊడిన చర్మం మీద డబ్బాలోంచి తీసిన ఏ పొడీ వేయకూడదు. బొబ్బలు చిదమకండి. ఆ రోజే చర్మవైద్యుడికి చూపించండి. తొలి రోజుల్లో వాపు తగ్గించే మందు సరిగ్గా పడితే తర్వాత వచ్చే నలుపు చాలావరకు తగ్గుతుంది. వారం ఆగి వస్తే ఆ అవకాశం చేజారినట్టే. గాయం మానాక ఎస్.పి.ఎఫ్. 30కి తగ్గని సన్‌స్క్రీన్ పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఇంకోసారి. వంటింట్లో ఉన్నా, కిటికీ పక్క కూర్చున్నా రాయాల్సిందే.

నిర్లక్ష్యం వల్ల నష్టం జరిగిందని మీకు అనిపిస్తే చూస్తూ ఊరుకోనక్కరలేదు. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే తేల్చింది. 2019 చట్టం ప్రకారం నష్టం జరిగిన రెండేళ్ళలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయాలి. ముందుగా సలహా కావాలంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నెంబరు 1915. వెళ్ళేటప్పుడు డబ్బు కట్టిన రసీదు, మీరు సంతకం చేసిన అంగీకార పత్రం నకలు, ముందూ తర్వాతా ఫొటోలు, ఇందాక చెప్పిన ఆ అయిదు వివరాల కాగితం, గాయాన్ని మొదట చూసిన వైద్యుడి చీటీ వెంట తీసుకెళ్ళండి. సంతకం చేసే ముందు ఆ అంగీకార పత్రం తెలుగులో ఇమ్మని అడిగే హక్కు మీకుంది. ఇవ్వకపోతే అందులో ఏముందో చదివి చెప్పించుకుని, అర్థమైన తర్వాతే సంతకం పెట్టండి.